16వ లూయీ తర్వాత 18వ లూయీ ఎలా వచ్చాడు? రాజుల పేర్లకి అంకెలు వేసేదెవరు?

పాతనాణెం
శుక్రవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి. సోషల్‌లో ఫ్రెంచి విప్లవం పాఠం నడుస్తోంది. నిన్న అన్నం తింటూ అడిగింది: "అమ్మా, 16వ లూయీని చంపేశారు కదా. ఆ వంశంలో తర్వాత గద్దె ఎక్కినాయన 18వ లూయీ అట. మధ్యలో 17 ఏడి?" నాకు ఏం చెప్పాలో తోచలేదు. అచ్చుతప్పేమో అన్నాను. అది నమ్మలేదు.

పిల్ల పడుకున్నాక మా తాతయ్య నాణేల డబ్బా దించాను. బిస్కెట్ల రేకు డబ్బా, అడుగున ముతక గుడ్డ. ఏడో ఎడ్వర్డ్ రూపాయలు రెండు, ఐదో జార్జివి ఆరు, ఆరో జార్జివి ఇంకా ఎక్కువ, విక్టోరియా రాణివి కొన్ని ఉన్నాయి. అన్నిట్లోకీ పాతది 1835 నాటి ఈస్టిండియా కంపెనీ రూపాయి. బొమ్మ వైపు విలియం రాజు తల. పేరు పక్కన వరసగా నాలుగు నిలువు గీతలు. బళ్లో నేర్చుకున్న రోమన్ నాలుగు ఇలా ఉండదు, ఐదు గుర్తుకి ముందు ఒక్క గీత ఉంటుంది. భూతద్దం పెట్టి చూశాను, గోటితో తడిమాను. నాలుగు గీతలే. విక్టోరియా పేరు పక్కన మాత్రం అసలు అంకే లేదు.

17వ లూయీ ఎక్కడికి పోయాడు? ఈ అంకెలు రాజే వేసుకుంటాడా, తర్వాత చరిత్ర రాసేవాళ్లు వేస్తారా? నా నాణెం మీద నాలుగు గీతలెందుకు? తెలిసినవాళ్లు చెప్పండి. పాపకి సరైన జవాబు చెప్పాలని ఉంది.

గోదారి గట్టు
శుక్రవారం, రాత్రి 10:05

అమ్మా, అచ్చుతప్పు కాదు. 17వ లూయీ ఉన్నాడు. పిల్లవాడు.

1793 జనవరి 21న 16వ లూయీని గిలొటిన్ ఎక్కించారు. అప్పటికి కొడుకు లూయీ చార్లెస్‌కి ఎనిమిదో ఏడు నడుస్తోంది. పారిస్‌లో టెంపుల్ అనే పాత కోటలో ఖైదులో ఉన్నాడు. కొన్నాళ్లకి తల్లి దగ్గర్నుంచి విడదీశారు. 1795 జూన్ 8న, పదేళ్ల వయసులో, జబ్బుతో అక్కడే పోయాడు. కిరీటం పెట్టలేదు, ఒక్క రోజు గద్దె మీద కూర్చోలేదు.

మరి అంకె ఎలా వచ్చిందంటే, రాచరికాన్ని నమ్మేవాళ్ల లెక్కలో గద్దె ఖాళీగా ఉండదు. తండ్రి ప్రాణం పోయిన క్షణంలోనే కొడుకు రాజు. ఆ కొడుకూ పోయాడని తెలియగానే పరాయి దేశంలో తలదాచుకున్న బాబాయి, 16వ లూయీ తమ్ముడు, తనని 18వ లూయీగా ప్రకటించుకున్నాడు. అప్పటికి ఆయన చేతిలో రాజ్యం లేదు.

ఇక్కడ ఒక సంగతి మీ పాపకి తప్పకుండా చెప్పండి. ఆయన నిజంగా పారిస్‌కి రాజై వచ్చింది 1814లో. ఆ జూన్‌లో కొత్త రాజ్యాంగ పత్రం ఇచ్చాడు. దాని చివర తేదీ ఎలా వేయించాడో తెలుసా? 1814వ సంవత్సరం, "మా పాలనలో పంతొమ్మిదో ఏడు" అని. అంటే మధ్యలో నడిచిన రిపబ్లిక్, నెపోలియన్ చక్రవర్తి పదవి, ఆ యుద్ధాలు, అన్నీ ఆయన లెక్కలో లేనట్టే. 1795 నుంచి తనే రాజు. 18 అని రాసుకోవడంలోనే ఆ దావా అంతా ఉంది. తమ్ముడి కొడుకునో అన్న కొడుకునో లెక్కలో కలుపుకోవడం ప్రేమ కొద్దీ మాత్రమే జరగదమ్మా. ఆ పిల్లవాడు రాజైతేనే వరసలో తర్వాతివాడిగా తను రాజు.

మంజీర
శుక్రవారం, రాత్రి 10:40

మాస్టారూ, నెపోలియన్ల సంగతి కూడా ఇంతే కదా. మొదటి నెపోలియన్ తెలుసు, మూడో నెపోలియన్ తెలుసు. రెండో ఆయన పేరు ఎవరి నోటా వినపడదు.

గోదారి గట్టు
శుక్రవారం, రాత్రి 10:58

అవును బాబూ, అచ్చంగా అదే కథ. వాటర్లూలో ఓడాక 1815 జూన్ 22న నెపోలియన్ కొడుకు పేరు మీద గద్దె దిగిపోయాడు. ఆ కొడుక్కి నాలుగేళ్లు. తల్లితో ఆస్ట్రియాలో ఉన్నాడు. పారిస్‌లో పేరుకి కొన్ని రోజులు, అంతే. 1832లో వియన్నా దగ్గర షోన్‌బ్రున్ భవనంలో 21 ఏళ్లకి పోయాడు. 1852లో నెపోలియన్ అన్నదమ్ముల కొడుకు చక్రవర్తి అయినప్పుడు "మూడో" అని వేసుకున్నాడు. మధ్యలో ఉన్న పిల్లవాడికి అలా చోటిచ్చాడు, తన హక్కుకీ పునాది వేసుకున్నాడు.

ఈ రెండిటికీ మధ్య 1830లో గద్దె ఎక్కిన లూయీ ఫిలిప్‌ని చూడండి. ఫిలిప్ పేరుతో అంతకుముందు ఫ్రాన్స్‌కి ఆరుగురు రాజులున్నారు. ఏడో ఫిలిప్ అనిపించుకోవచ్చు. ఆయన జంట పేరు పెట్టుకుని "మొదటి లూయీ ఫిలిప్" అయ్యాడు. పాత వరస నాది కాదు, విప్లవం తర్వాతి రాజుని అని జనానికి తెలియాలి. బిరుదు కూడా "ఫ్రాన్స్ రాజు" అని పెట్టుకోలేదు, "ఫ్రెంచివారి రాజు" అన్నాడు.

లీత్ వీధి
శనివారం, తెల్లవారుజామున 3:15

ఎడిన్‌బరోలో ఉంటాం, పదకొండేళ్లయింది. ఈ చర్చ చూసి పడుకోబుద్ధి కాలేదు. అంకె కోసం ఇక్కడ పోస్టు డబ్బానే పేల్చేశారు!

1952లో ఎలిజబెత్ రాణి అయ్యారు. ఇంగ్లండు లెక్కలో రెండో ఎలిజబెత్. మొదటి ఎలిజబెత్ 1603లో పోయినప్పుడు స్కాట్లండు వేరే రాజ్యం. ఆవిడ ఎన్నడూ దీన్ని ఏలలేదు. కాబట్టి స్కాట్లండుకి ఈవిడే మొదటి ఎలిజబెత్ అని ఇక్కడివాళ్ల వాదన. ఆ నవంబర్‌లో ఎడిన్‌బరోలో ఇంచ్ అనే పేటలో కొత్త పోస్టు డబ్బా పెట్టారు. ఇనుప డబ్బా మీద రాణి పేరు పొడి అక్షరాలు, మధ్యలో రెండు గీతలు. మూడు నెలలు తిరక్కుండా దాని మీద తారు పోశారు, సుత్తితో కొట్టారు, చివరికి 1953 ఫిబ్రవరి 12న మందుగుండుతో పేల్చేశారు.

ఆ ఏడాదే కోర్టులో కేసు నడిచింది. వేసినవాళ్లలో జాన్ మెక్‌కార్మిక్ ఒకరు, ఇయాన్ హామిల్టన్ ఒకరు. 1950లో లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే నుంచి స్కాట్లండు పట్టాభిషేక శిలని ఎత్తుకొచ్చిన కుర్రాళ్లలో ఈ హామిల్టన్ ఉన్నారు. అంకె ఏది పెట్టుకోవాలనేది రాణి ఇష్టం, అడిగే హక్కు మీకు లేదని కోర్టు కేసు కొట్టేసింది. కానీ తర్వాత స్కాట్లండులో పెట్టిన డబ్బాల మీద ఆ అక్షరాలూ లేవు, అంకే లేదు. స్కాట్లండు కిరీటం బొమ్మ ఒక్కటే.

మా వీధి మలుపులో ఒకటుంది. రోజూ దాని పక్క నుంచే పిల్లల్ని బడికి తీసుకెళ్తా. వర్షానికి ఎరుపు రంగు మెరుస్తూ ఉంటుంది, మధ్యలో ఆ కిరీటం కాస్త ఉబ్బెత్తుగా. వచ్చిన కొత్తలో అది మామూలు అలంకారం అనుకున్నా. కథ తెలిశాక ఒకసారి చెయ్యి పెట్టి చూశా.

మంజీర
శనివారం, ఉదయం 7:30

అక్కా, ఒళ్లు గగుర్పొడిచింది. మరి ఇప్పుడేం చేస్తారు? రేపు జేమ్స్ అనే రాజు వస్తే?

లీత్ వీధి
శనివారం, మధ్యాహ్నం 1:10

ఆ గొడవ తర్వాత ప్రధాని చర్చిల్ ఒక పద్ధతి చెప్పారు తమ్ముడూ. రెండు రాజ్యాల వరసల్లో ఏ అంకె పెద్దదైతే అది పెట్టుకోవాలని. స్కాట్లండులో ఏడుగురు జేమ్స్‌లు, ఇంగ్లండులో ఇద్దరే. 1603లో రెండు గద్దెలూ ఎక్కినాయన ఇక్కడ ఆరో జేమ్స్, అక్కడ మొదటి జేమ్స్. ఆ పద్ధతి ప్రకారం ఇప్పుడు జేమ్స్ వస్తే ఎనిమిదో జేమ్స్ అవుతాడు. ఇక్కడ ఈ మాట చెప్పేటప్పుడు మనుషుల ముఖాల్లో ఒక తృప్తి కనపడుతుంది.

పాతనాణెం
శనివారం, మధ్యాహ్నం 2:00

ఇంగ్లండు ఎడ్వర్డ్‌ల సంగతేంటి మాస్టారూ? పాప చార్టు మొదలెట్టింది. ఎక్కడో 1066కి ముందు కూడా ఎడ్వర్డ్ ఉన్నాడని చదివి, మరి 1272లో వచ్చినాయన మొదటివాడు ఎలా అయ్యాడని నన్ను నిలదీస్తోంది.

గోదారి గట్టు
శనివారం, సాయంత్రం 4:45

పిల్ల మంచి చోట పట్టుకుంది. 1066కి ముందు ముగ్గురు ఎడ్వర్డ్‌లు ఉన్నారు. పెద్ద ఎడ్వర్డ్, హత్యకి గురైన కుర్ర ఎడ్వర్డ్, భక్తుడని పేరు పడ్డ ఎడ్వర్డ్. ఈ మూడో ఆయన 1066 జనవరిలో పోయాక ఆ ఏడాదే నార్మండీ విలియం వచ్చి గద్దె పట్టాడు. అక్కడ లెక్క మళ్లీ మొదలైంది.

మనసుకి పట్టే సంగతి ఏంటంటే, మూడో హెన్రీకి ఆ భక్త ఎడ్వర్డ్ అంటే ఎంతో గురి. తన కొడుక్కి ఆ పేరే పెట్టుకున్నాడు. ఆ కొడుకే మనం మొదటి ఎడ్వర్డ్ అంటున్న ఆయన. ఎవరి పేరు పెట్టుకున్నారో ఆయనకే వరసలో చోటు లేదు.

ఆ రోజుల్లో అంకెలు వాడేవాళ్లు కాదు. "హెన్రీ రాజు కొడుకు ఎడ్వర్డ్ రాజు" అంటే సరిపోయేది. తర్వాత కొడుకు ఎడ్వర్డ్, మనవడూ ఎడ్వర్డే. 1272 నుంచి 1377 దాకా ముగ్గురూ ఒకే పేరు! పత్రాల్లో తికమక తప్పక మూడో ఆయన్ని "విజయం తర్వాత మూడో ఎడ్వర్డ్" అని రాశారు. విజయం అంటే నార్మన్లది. మెల్లగా ఆ ముందు మాట రాలిపోయి అంకె మిగిలింది.

విక్టోరియాకి అంకె లేనిది కూడా ఇందుకే. ఆ పేరుతో ఇంకో రాణి రాలేదు. రెండో ఆవిడ వస్తే ఈవిడ మొదటి విక్టోరియా అవుతుంది.

ఉత్తరపు చలి
శనివారం, రాత్రి 8:30

స్వీడన్ నుంచి, ఉప్సాలాలో చదువుకుంటున్నా. మా దగ్గర ఇంకా విచిత్రం. ఇప్పటి రాజు 16వ కార్ల్ గుస్తాఫ్. నిజంగా లెక్కపెడితే కార్ల్ పేరుతో ఏలినవాళ్లలో ఆయన పదో ఆయన. మొదటి ఆరుగురూ లేనే లేరు.

ఉప్సాలాకి చివరి కాథలిక్ ఆర్చిబిషప్ యొహానెస్ మాగ్నస్. స్వీడన్ మతం మార్చుకున్నాక ఇటలీలో ప్రవాసంలో ఉండిపోయాడు. అక్కడ కూర్చుని తన దేశపు రాజుల చరిత్ర రాశాడు. ఆయన పోయాక 1554లో రోమ్‌లో అచ్చయింది. స్వీడన్ ఎంత ప్రాచీనమో లోకానికి చూపించాలనే తపనలో ఎక్కడా ఆనవాలు లేని రాజుల్ని వరసగా పేర్చాడు. అందులో ఆరుగురు కార్ల్‌లు. వాసా వంశం వాళ్లు ఆ పుస్తకం చూసి అంకెలు వేసుకున్నారు. 1560లో గద్దె ఎక్కిన ఎరిక్ 14వ ఎరిక్ అయ్యాడు, తర్వాత తమ్ముడు 9వ కార్ల్ అయ్యాడు.

నాకు దీంట్లో మనసు కలుక్కుమనే సంగతి ఒకటుంది. ఇల్లు వదిలి, తిరిగి వెళ్లలేక, పరాయి ఊళ్లో తన దేశం గొప్పదని రాసుకున్న మనిషి ఆయన. రాసింది నిజం కాదు. అయినా ఆ దేశపు రాజు పేరులో ఇప్పటికీ ఆయన లెక్కే ఉంది.

మంజీర
శనివారం, రాత్రి 9:05

అబద్ధమని తెలిశాక దిద్దుకోవచ్చు కదా! చదువుకున్న దేశం, అంత చిన్న పని చేయలేరా? నాకు ఇది సబబుగా అనిపించట్లేదు.

ఉత్తరపు చలి
శనివారం, రాత్రి 9:50

ఎలా దిద్దుతావు అన్నా? 1718లో యుద్ధంలో పోయిన 12వ కార్ల్‌ని ఈ దేశంలో చిన్న పిల్లాడు కూడా ఆ అంకెతోనే గుర్తుపడతాడు. నాణేలు, శాసనాలు, విగ్రహాల కింద రాతలు అన్నీ అదే అంకె. ఇవాళ ఆయన ఆరో కార్ల్ అంటే ఎవరికీ తెలియడు. ఇంకో సంగతి, 1818లో రాజైన 14వ కార్ల్ యొహాన్ అసలు ఫ్రాన్స్‌లో పుట్టిన బెర్నదోత్. నెపోలియన్ దగ్గర మార్షల్. అదే మనిషి నార్వేకి కూడా రాజు, అక్కడ మూడో కార్ల్ యొహాన్. ఓస్లోలో పెద్ద వీధికి ఆయన పేరే.

మంజీర
శనివారం, రాత్రి 10:15

నువ్వు చెప్పింది అర్థమైంది. నా అభిప్రాయం మాత్రం మారలేదు. బడి పుస్తకంలో కనీసం ఒక ముక్క రాయాలి.

రెండో ప్రూఫు
ఆదివారం, ఉదయం 10:20

పుస్తకాలకి ప్రూఫులు చూడటం నా వృత్తి. ఈ రాజుల పేర్లతో నేను పడిన టెన్షన్ ఒకటి చెప్తా. కొన్నేళ్ల కిందట ఒక అనువాదం చేతికొచ్చింది. అందులో స్పెయిన్ రాజు మొదటి కార్లోస్ ఉన్నాడు, జర్మనీ వైపు చక్రవర్తి ఐదో చార్లెస్ ఉన్నాడు. పేర్ల పట్టికలో ఇద్దరికీ వేర్వేరు వరసలు. ఆఖరి ప్రూఫులో నాకు ఒక చోట కళ్లు ఆగాయి. ఇద్దరూ 1558 సెప్టెంబర్‌లో యూస్తే మఠంలోనే పోయారు. ఒకే నెల, ఒకే మఠం! ఇద్దరూ ఒక్కరే. స్పెయిన్‌కి ఆ పేరుతో మొదటివాడు, చక్రవర్తుల వరసలో ఐదోవాడు. రాత్రి పదకొండింటికి ప్రెస్సుకి ఫోన్ చేసి ఆపించాను.

తెలుగులో రాసేటప్పుడు నా పద్ధతి ఇది: ఏ దేశం సంగతి చెప్తున్నామో ఆ దేశపు పేరు, ఆ దేశపు అంకె, మొదటిసారి వచ్చినప్పుడు రెండోది కూడా ఒక వాక్యంలో చెప్పడం. విలియం, విల్‌హెల్మ్, గియోమ్ అన్నీ ఒకే పేరు. హెన్రీ, ఆన్రీ, హైన్‌రిష్ ఒకే పేరు. అన్నిటినీ ఇంగ్లీషులోకి మార్చేస్తే పాఠకుడు దారి తప్పుతాడు. అంకెని పేరుకి ముందు పెట్టడమే తెలుగుకి సహజం, "ఐదో జార్జి" అన్నట్టు. "జార్జి ఐదు" అంటే బస్సు నంబరులా ఉంటుంది.

గోదారి గట్టు
ఆదివారం, ఉదయం 11:30

బాగా చెప్పారు. 1585 తర్వాత ఫ్రాన్స్‌లో జరిగిన యుద్ధానికి ముగ్గురు ఆన్రీల యుద్ధమనే పేరు. రాజు మూడో ఆన్రీ, నవార్ రాజు ఆన్రీ, గీజ్ ప్రభువు ఆన్రీ. నవార్ వరసలో ఆ నవార్ ఆన్రీ కూడా మూడోవాడే! గీజ్‌ని 1588 డిసెంబర్‌లో రాజు చంపించాడు. మరుసటి ఆగస్టులో రాజుని ఒక సన్యాసి పొడిచాడు. మిగిలిన నవార్ ఆన్రీ ఫ్రాన్స్‌కి నాలుగో ఆన్రీ అయ్యాడు.

ఇటలీ సంగతి కూడా ఒకటి. 1861లో ఇటలీ ఒక్కటైనప్పుడు తొలి రాజు విత్తోరియో ఎమానుయేలే. తొలి రాజైనా "రెండో" అనే అంకె వదల్లేదు. అది సార్డీనియా రాజ్యంలో ఆయన అంకె. మా ఇంటి రాజ్యమే పెరిగి ఇటలీ అయిందన్నట్టు ధ్వనించింది, చాలామందికి నొప్పి కలిగింది. 1878లో కొడుకు ఉంబెర్తో వచ్చాడు. వాళ్ల సవోయ్ వంశం లెక్కలో నాలుగో ఉంబెర్తో. ఆయన మొదటి ఉంబెర్తో అని వేసుకున్నాడు. ఇటలీ రాజుగా లెక్క ఇప్పుడు మొదలవుతుందని అలా ఒప్పుకున్నాడు. తండ్రికీ కొడుక్కీ మధ్య ఆ ఒక్క తేడాలో నాకు పెద్ద సంగతి కనపడుతుంది.

మంజీర
ఆదివారం, మధ్యాహ్నం 12:40

డెన్మార్క్ గురించి ఎవరూ చెప్పలేదేం? 1513 నుంచి క్రిస్టియన్, ఫ్రెడెరిక్, మళ్లీ క్రిస్టియన్, మళ్లీ ఫ్రెడెరిక్. 1972లో రెండో మార్గరెథె రాణి అయ్యేదాకా ఒక్కసారి కూడా వరస తప్పలేదు. 2024 జనవరిలో పదో ఫ్రెడెరిక్ వచ్చాడు, ఆయన కొడుకు క్రిస్టియన్. నాకైతే వేంగి చాళుక్యులు గుర్తొచ్చారు. విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు, మళ్లీ విష్ణువర్ధనుడు.

గోదారి గట్టు
ఆదివారం, మధ్యాహ్నం 1:15

పోలిక బాగుంది. తేడా ఒకటే. వేంగి రాజులకి మొదటి, రెండో అని అంకెలు వేసింది మన కాలపు చరిత్రకారులు. ఆ కాలం వాళ్లు బిరుదుతో పోల్చుకున్నారు: గుణగ విజయాదిత్యుడు, నరేంద్ర మృగరాజు. ఐరోపాలో కూడా తొలినాళ్లలో అంతే. బట్టతల చార్లెస్, లావుపాటి లూయీ అనేవాళ్లు.

డెన్మార్క్‌తో మనకి ఇంకో ముడి ఉంది. బెంగాల్లో శ్రీరాంపూర్ అప్పట్లో డేనిష్‌వాళ్ల ఊరు. ఐదో ఫ్రెడెరిక్ పేరు మీద దాన్ని ఫ్రెడెరిక్స్ నగర్ అనేవాళ్లు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది ఆ ఊళ్లోనే.

రెండో ప్రూఫు
ఆదివారం, మధ్యాహ్నం 2:30

అసలు నాణెం ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. పాతనాణెం గారూ, ఆ నాలుగు గీతలు తప్పు కాదు. అప్పటి ఇంగ్లండు నాణేల మీద కూడా విలియం రాజు పేరు పక్కన నాలుగు గీతలే. ఆయనకి ముందున్న నాలుగో జార్జి నాణేల మీదా అలా ఉంటాయి. పాత గడియారాల్లో నాలుగు చూడండి, గీతలే కనిపిస్తాయి.

మీ చేతిలో ఉన్న ఆ రాజు గురించి ఒక మాట. ఇంగ్లండు వరసలో ఆయన నాలుగో విలియం. స్కాట్లండులో అంతకుముందు ఇద్దరే విలియంలు కాబట్టి అక్కడి లెక్కకి మూడో ఆయన. మొదటి ఇద్దరు విలియంల కాలానికి ఐర్లండు ఇంగ్లండు కింద లేదు. కాబట్టి అక్కడి లెక్కకి రెండో ఆయన. జర్మనీలో హనోవర్ రాజ్యానికి కూడా ఆయనే రాజు, అక్కడ మొదటి విలియం. రాజ్య పత్రాల్లో బ్రిటన్‌కంతటికీ నాలుగే రాశారు. కానీ లెక్కపెట్టి చూస్తే ఒక్క మనిషి ఒకటి, రెండు, మూడు, నాలుగు!

పాతనాణెం
ఆదివారం, రాత్రి 8:10

ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియట్లేదు. విలియం రూపాయిని పాప అరచేతిలో పెట్టి, ఒక్కో గీత మీద వేలు పెట్టించి హనోవర్, ఐర్లండు, స్కాట్లండు, ఇంగ్లండు అని చెప్పించాను. ఆపకుండా నాలుగుసార్లు చెప్పింది.

చార్టులో 16కీ 18కీ మధ్య ఒక గడి గీసింది. రాజులందరి గడుల్లో పాలించిన సంవత్సరాలు ఉన్నాయి. ఈ గడిలో ఏం రాయాలని అడిగింది. తర్వాత, "ఆ అబ్బాయిని ఎక్కడ పెట్టారమ్మా?" అంది. మాస్టారూ, దీనికి మీరే చెప్పాలి.

గోదారి గట్టు
ఆదివారం, రాత్రి 9:00

ఖైదులో పోయిన పిల్లవాడిని అక్కడి ఒక శ్మశానంలో గుర్తు లేకుండా పూడ్చారు. శవపరీక్ష చేసిన వైద్యుల్లో పెల్తాన్ అనే ఆయన గుండెని దాచి ఉంచాడు. అది చేతులు మారుతూ రెండు వందల ఏళ్లు తిరిగింది. ఆ పిల్లవాడు చావలేదు, నేనే 17వ లూయీని అని ఎంతమందో వచ్చారు. 2000లో డీఎన్ఏ పరీక్ష చేశారు. తల్లి మరీ ఆంత్వానెత్ వైపు వాళ్ల డీఎన్ఏతో కలిసింది. 2004 జూన్ 8న, పోయిన రోజునే, పారిస్ పక్కన సెయింట్ డెనీ చర్చిలో, అమ్మానాన్నల సమాధులున్న చోట ఆ గుండెని పెట్టారు.

పాతనాణెం
ఆదివారం, రాత్రి 9:25

చదివి వినిపించాను. గడిలో 1785, 1795 అని రాసి, కింద సెయింట్ డెనీ అని రాసుకుంది.